ఇల్లుబండికి కొత్త కమాన్లు

పెళ్లయిన కొత్తలో నన్నెవరైనా మీ ఇల్లెక్కడమ్మా అని అడిగితే వెంటనే జవాబు తోచేది కాదు. ఆ వారం మేం ఏ ఊళ్లో ఉంటే అదే మా ఊరు. మా ఆయనకి టూరింగ్ టాకీసు ఉండేది. పెద్ద డేరా వేసి నెలల తరబడి ఒకేచోట ఆడించే రకం కాదు మాది. ఒక చిన్న ప్రొజెక్టరు, గుడ్డ తెర, చుట్టూ దడిలా కట్టే టార్పాలిన్లు, ఒక జనరేటరు. తిరువూరు చుట్టుపక్కల పల్లెల్లో ఎక్కడ తిరనాళ్లంటే అక్కడికి, ఎక్కడ పత్తి అమ్ముడై జనం చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయంటే అక్కడికి వెళ్లేవాళ్లం. రెండు మూడు ఆటలు ఆడించి, అన్నీ సర్దుకుని, ఇంకో ఊరికి పోయేవాళ్లం. మనుషులం ముగ్గురం. మా ఆయన, ప్రొజెక్టరు తిప్పే ఆపరేటరు, నేను.

మా ఆయన రైతు బిడ్డే. అన్నదమ్ముల పంపకాల్లో తన వాటాకి వచ్చిన చెలక అమ్మేసి ప్రొజెక్టరు కొన్నాడు. దాంతో అన్నలు మాట్లాడటం మానేశారు. ఊళ్లో ఉండటానికి ఇల్లు లేదు. అప్పుడే ఇల్లుబండి కొన్నాడు. సాగర్ కాలవ తవ్వే రోజుల్లో ఇంజనీర్లు క్యాంపుల్లో ఉండటానికి తెచ్చిన చక్రాల ఇల్లు అది. పనులు ముందుకి జరిగిపోయాక ఎవరికీ అక్కర్లేక ఎండకీ వానకీ పడి ఉంటే వేలంలో పాడుకున్నాడు. రెండు చక్రాలు, ఆకుపచ్చ రంగు రేకు గోడలు, జాలీ కొట్టిన కిటికీ, లోపల రెండు చెక్క బల్లలు, మూలన స్టవ్వు పెట్టుకునే గూడు. మా పాత మిలిటరీ జీపు వెనక తగిలించి లాక్కుపోవడమే. జీపు వెనక భాగమంతా జనరేటరు ఆక్రమించేది. ముందు మా ఆయన డ్రైవింగు, పక్కన ఆపరేటరు. నా చోటు ఇల్లుబండి లోపల.

చూసినవాళ్లు ముచ్చటపడేవాళ్లు. ఎంత అదృష్టమమ్మా, ఇల్లు వెంటబెట్టుకుని తిరుగుతున్నావు అనేవాళ్లు. లోపల కూర్చుని ఒక్క మైలు పోతే ఆ మాట అనరు.

నేను పుట్టింది గుడివాడ దిగువన, కాలవల మధ్య. చిన్నప్పుడు మేం ఎక్కడికెళ్లినా పడవలోనే. పడవలో పడుకుంటే ఊరు ఎప్పుడు వచ్చిందో తెలిసేది కాదు, అమ్మ తట్టి లేపేది. అలా పెరిగినదాన్ని ఈ మెట్టకి వచ్చాను. ఇక్కడ తిరువూరు నుంచి విజయవాడ పోయే రోడ్డు తప్ప మిగతావన్నీ గులకరాళ్ల బాటలు, లేదా నల్లరేగడిలో ఎడ్లబండ్లు దిగబడి గాళ్లు పడిపోయిన డొంకలు. ఆ గాళ్లు ఎండితే రాయితో సమానం. ఇల్లుబండి చక్రం ఒక గాడిలోంచి ఇంకో గాడిలోకి దిగినప్పుడల్లా నా పళ్లు టక్కున కొట్టుకునేవి. బల్ల మీద కూర్చుంటే ఎగిరి పడటం. కింద కూర్చుంటే ఇరుసు దెబ్బ నేరుగా వెన్నుపూసకే. నిలబడితే పైన రేకు. చివరికి పరుపు నేల మీద పరుచుకుని, బల్ల కోడు ఒకచేత్తో పట్టుకుని, కాళ్లు ఎదుటి గోడకి తన్నిపెట్టి కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

ఒకచేత్తో ఎందుకంటే, రెండో చెయ్యి బల్బుల పెట్టె మీద ఉండాలి.

ప్రొజెక్టరు బల్బు అంటే ఇంట్లో వెలిగే బల్బు కాదు. దాని లోపలి తీగ, ఒకసారి వెలిగి చల్లారాక, ఊదితే విరిగేంత పెళుసు. అవి ఇక్కడ దొరకవు. విజయవాడలో కూడా ఒక్కోసారి మద్రాసు నుంచి తెప్పించుకోవాలి. మొదట్లో వాటిని గడ్డిలో పెట్టి తెచ్చేవారు, తర్వాత దూదిలో, తర్వాత దిండ్ల మధ్య. ఎలా తెచ్చినా ఊరు చేరేసరికి ఒకటో రెండో పోయేవి. ఒకరోజు చోటు లేక నేను ఆ పెట్టెని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు ఒక్కటీ పోలేదు. ఆ తర్వాతి ఊరికీ పోలేదు.

"అమ్మగారి ఒళ్లో పెడితే దెబ్బ తగలట్లేదండి," అన్నాడు ఆపరేటరు, అదేదో కనిపెట్టినట్టు.

మా ఆయన మొహం వెలిగిపోయింది. "అయితే ఇక నుంచి పెట్టె నీ పూచీ," అన్నాడు నాతో.

నాకూ గర్వంగానే అనిపించింది. కొత్త కాపురం. నా వల్ల ఒక పని అవుతోందని సంబరపడ్డాను. ప్రతి ఊళ్లో బండి ఆగగానే మా ఆయన జీపు దిగి, వెనక్కి వచ్చి, తలుపు తీసి, "బల్బులు బాగానే ఉన్నాయా?" అని అడిగేవాడు. ఉన్నాయండీ అనేదాన్ని. మా ఇద్దరి మధ్య అది పలకరింపులాంటిది అయిపోయింది. నువ్వెలా ఉన్నావని అడిగినట్టే అనుకునేదాన్ని.

తర్వాత నేను కడుపుతో ఉన్నాను. మొదటి నెలల్లో వాంతులు బండి వల్లో బిడ్డ వల్లో తెలిసేది కాదు. ఆరో నెల వచ్చేసరికి నడుం రెండు ముక్కలుగా విరుగుతున్నట్టుండేది. బల్బుల పెట్టె ఒళ్లో ఇమిడేది కాదు. పొట్ట మీద ఆనించుకుని, పైన చెయ్యి వేసి కూర్చునేదాన్ని. ఏడో నెలలో మంచిరోజు చూసి వచ్చి పుట్టింటికి తీసుకెళతానని అమ్మ చెప్పి ఉంది. ఈలోగా మాఘమాసం, శివరాత్రి తిరనాళ్లు. ఏడాది మొత్తంలో మాకు గట్టిగా పని ఉండేది అప్పట్నుంచి శ్రీరామనవమి దాకానే.

తిరువూరులో బస్టాండుకి కాస్త అవతల కమాన్లు కట్టే సాయిబుగారి షెడ్డు ఉండేది. లారీలకీ, ఎడ్లు లాగే టైరు బండ్లకీ, ట్రాక్టరు ట్రక్కులకీ కింద వంపుగా, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనప పట్టీలు ఉంటాయి చూడండి, వాటినే కమాను కట్టలంటారు. గతుకులో చక్రం ఎగిరినా బండి ఎగరకుండా ఆ దెబ్బంతా అవి మింగాలి. సాయిబుగారు వాటిని కొలిమిలో కాల్చి, సాగదీసి, వంపు తిప్పి, మళ్లీ బిగించేవాడు. బాగా మాటకారి. పని తక్కువా మాట ఎక్కువా అని లారీవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. ఒకసారి జీపు పంక్చరు వేయించుకోవడానికి ఆ పక్కనే ఆగాం. నేనే దిగి వెళ్లి, మా బండి కింద ఒకసారి చూడమని సాయిబుగారిని అడిగాను.

ఆయన బండి కిందికి దూరి, కాసేపు అక్కడే ఉండి, దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చాడు. మా ఆయన కూడా అక్కడికి వచ్చాడు.

"ఇందులో మనిషి కూర్చుంటోందా బాబూ?" అన్నాడు సాయిబుగారు.

"మా ఇంటావిడ కూర్చుంటది. ఏం?"

"ఇది నిలబెట్టుకుని ఉండే ఇల్లు. క్యాంపులో పెడితే మళ్లీ ఎప్పుడో గానీ కదిలించరు. మీరేమో రోజూ తిప్పుతున్నారు. పట్టీలన్నీ పడుకుండిపోయినయి. వంపే లేదు, బల్లపరుపుగా ఉన్నయి. ఎడం పక్క పెద్ద పట్టీ చీలింది. ఇంక కమాను ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. దెబ్బ ఇరుసు మీంచి తిన్నగా పైకే కొడతది."

"బాగు చేస్తే అవుద్దా?"

"ఎందుకు కాదు? వదిలేసి పోండి. ఓ పది రోజులు పడుతుంది. పట్టీలు మార్చాలి, బుష్షులు మార్చాలి, ఊపు ఆపే షాకులు కూడా వేస్తే ఇంకా మంచిది."

మా ఆయన నవ్వాడు. "శివరాత్రి ముందు పది రోజులు బండి ఆపమంటారా? ఒప్పుకున్న ఊళ్లు ఏమైపోవాలి? ఇంకోడు వచ్చి పాతుకుపోతాడు. సీజను అయినాక చూద్దాం."

నేను అక్కడే ఉన్నాను. పరాయివాళ్ల ముందు మొగుడికి ఎదురు చెప్పే అలవాటు లేదు నాకు. అయినా అన్నాను. "ఏవండీ, నాకు నడుం అసలు నిలవట్లేదు. ఈ ఒక్కసారికి చేయించండి."

"ఇంకెన్నాళ్లే? మీ అమ్మ వచ్చి తీసుకుపోద్దిగా. అందాకా కాస్త ఓర్చుకో."

సాయిబుగారు చేతులు తుడుచుకుంటూ కొలిమి దగ్గరికి వెళ్లిపోయాడు. నేను వెళ్లి బండెక్కాను. ఆపరేటరు పెట్టె తెచ్చి నా చేతికిచ్చి తలుపు వేశాడు.

శివరాత్రి వెళ్లిన రెండోరోజు పొద్దున వినగడప వైపు బయల్దేరాం. దారిలో కట్టలేరు దాటాలి. ఆ రోజుల్లో మేం వెళ్లిన వైపు వంతెన లేదు. వాగులో మోకాలి లోతు నీళ్లు కూడా లేవు గానీ అడుగంతా గుండ్రాళ్లు. ఒడ్డు నుంచి వాగులోకి దిగే చోట బండి ఒక్కసారి ముందుకి వాలి దభీమని పడింది. నేను గోడకి తన్నిపెట్టిన కాళ్లు జారిపోయాయి. రెండు చేతులూ పెట్టె మీదికి పోయాయి. ఇప్పుడు తల్చుకుంటే నాకు మంట పుట్టేది ఆ సంగతే. కడుపు పట్టుకోలేదు నేను. పెట్టె పట్టుకున్నాను.

వాగు మధ్యలో ఇంకో రెండు మూడు కుదుపులు. నడుం నుంచి ఏదో వేడిగా కిందికి జారింది. రేకు గోడ మీద చేత్తో బాదాను, అరిచాను. జీపు మోతలో ముందున్నవాళ్లకి ఏమీ వినపడలేదు. అవతలి ఒడ్డు ఎక్కాక, ఇంజను చల్లారడానికి ఆపినప్పుడు, మా ఆయన వచ్చి తలుపు తీశాడు.

"బల్బులు బాగానే ఉన్నాయా?" అన్నాడు.

కావాలని అన్న మాట కాదు. రోజూ అడిగేదే. లోపల చీకటి, బయట ఎండ, నన్ను సరిగా చూడలేదు కూడా. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన ఆ మాట చెవిలోంచి పోలేదు.

చీర చూశాక మనిషి పాలిపోయాడు. అన్యాయంగా చెప్పకూడదు, ఆ తర్వాత ఆలస్యం చెయ్యలేదు. ఇద్దరూ కలిసి జనరేటరుని జీపులోంచి ఇసకలోకి దొర్లించారు. ఇల్లుబండి కొక్కెం విప్పారు. ఆపరేటరుని వాటి దగ్గర కాపలా పెట్టి, నన్ను జీపు వెనక పరుపు మీద పడుకోబెట్టి మా ఆయన తిరువూరు ఆసుపత్రికి తీసుకొచ్చాడు. దారంతా "అయిపోయింది, వచ్చేశాం" అంటూనే ఉన్నాడు.

ఆడపిల్ల. ఏడవలేదు. జుట్టు బాగా ఉందని ఆయా అంది. నేను చూడలేదు, నన్ను చూడనివ్వలేదు. ఎక్కడ పూడ్చారో మా ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

డాక్టరమ్మ మంచి మనిషి. నేను అడిగిందానికి అబద్ధం చెప్పలేదు. "కుదుపుల వల్లేనని నేను చెప్పలేనమ్మా. కొన్ని ఇంట్లో కూర్చున్నా ఇలాగే అవుతాయి. కానీ ఈ నెలల్లో ఆ రోడ్ల మీద తిరక్కుండా ఉండాల్సింది," అంది. అందులో మొదటి సగం మా ఆయన పట్టుకున్నాడు. ఎవరు అడిగినా, "డాక్టరమ్మే చెప్పింది, ఇంట్లో కూర్చున్నా అయ్యేదేనట" అనేవాడు. రెండో సగం నా దగ్గర ఉండిపోయింది.

అమ్మ వచ్చి నన్ను తీసుకెళ్లింది. పుట్టింట్లో ఎవరూ నన్ను పని చెయ్యనిచ్చేవాళ్లు కాదు. రొమ్ముల్లో పాలు పొంగివచ్చి, వాటిని ఎండగట్టడానికి మల్లెపూలు కట్టుకుని, గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. ఎండలు ముదిరి, మామిడికాయల లారీలు రోడ్డెక్కే రోజుల్లో ఆపరేటరు నన్ను తీసుకెళ్లడానికి వచ్చాడు. మా ఆయన రాలేదేమని అమ్మ అడిగింది.

"బండి పనిలో ఉన్నారండి. ఇల్లుబండికి కొత్త కమాన్లు వేయిస్తున్నారు. సాయిబుగారి షెడ్డులో పెట్టి దగ్గరుండి చేయిస్తున్నారు," అన్నాడు.

"ఈ సీజన్లోనా?" అన్నాను నేను.

"అవునండి. శ్రీరామనవమికి ఒప్పుకున్న ఊళ్లన్నీ మానేశారు."

అమ్మ నా వైపు చూసింది. "చూశావా, మగవాళ్లు పైకి చెప్పరు గానీ మనసులో ఉంటుంది," అంది.

విజయవాడ నుంచి తిరువూరు వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారంతా అదే తల్చుకున్నాను. ఒప్పుకున్న ఊళ్లు మానేశాడు. నా కోసం బండి ఆపాడు. బిడ్డ పోయాక మొదటిసారి ఆయన్ని చూడాలనిపించింది. నేను లేని రోజుల్లో ఆయన వంట ఏం చేసుకున్నాడో, ఎలా పడుకున్నాడో అని కూడా ఆలోచించాను. మైలవరం దాటాక నిద్ర కూడా పట్టింది.

బండి షెడ్డులో దిమ్మల మీద ఎత్తి ఉంది, చక్రాలు ఊడదీసి. మేం ఉండటానికి సాయిబుగారి ఇంటి వెనక గది ఇచ్చారు. ఆయన భార్య నన్ను చూడగానే లోపలికి తీసుకెళ్లి, కూర్చోబెట్టి, టీ ఇచ్చింది. ఆవిడ జీపులకి టాపులు, సీట్లకి కవర్లు కుట్టేది. నేను పిన్నీ అనేదాన్ని.

"నా కోసం బండి ఆపారంట పిన్నీ," అన్నాను. చెప్పుకోవాలనిపించింది.

ఆవిడ చేతిలో కత్తెర ఆగింది. "ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే..."

ఆవిడ అబద్ధం చెప్పగలిగేది. చెప్పి ఉంటే ఎలా ఉండేదో. "నువ్వు నాకు కూతురిలాంటిదానివి అమ్మాయ్. ఇంకెవరి నోటో వినేకంటే నేనే చెప్తా," అంది.

జరిగింది ఇది. నేను ఆసుపత్రి నుంచి పుట్టింటికి వెళ్లాక మా ఆయన మళ్లీ ఊళ్లు తిరిగాడు. పట్టుకోవడానికి నేను లేను కాబట్టి బల్బుల పెట్టె మళ్లీ దిండ్ల మధ్యకి పోయింది. బల్బులు మళ్లీ పోవడం మొదలెట్టాయి. పెనుగొలనులో ఆట సగంలో ఉండగా వెలుగుతున్న బల్బు టప్పున ఆరిపోయింది. ఇంకోటి పెడితే వెలగలేదు. మూడోదీ వెలగలేదు. చుట్టుపక్కల నుంచి బండ్లు కట్టుకుని వచ్చిన జనం. టార్పాలిన్లు పీకేశారు. ఊరి పెద్ద ఒకాయన అందరి ముందూ, "ఆడించడం చేతకానోడివి మా ఊరెందుకొచ్చావయ్యా, చెలక దున్నుకోకుండా" అన్నాడట. మా ఆయన మర్నాడే ఇల్లుబండిని తెచ్చి సాయిబుగారి షెడ్డులో నిలబెట్టాడు. ఎన్ని రోజులు పట్టినా సరే, ఇంక ఒక్క బల్బు కూడా పోకూడదు అన్నాడట.

టీ చల్లారిపోయింది. పిన్ని ఇంకోసారి పెట్టి ఇచ్చింది. అదీ తాగలేదు.

ఆ తర్వాత రోజూ ఆ పని కళ్లారా చూశాను. అంతకుముందు మా ఆయనలో అంత శ్రద్ధ నేనెప్పుడూ చూడలేదు. పొద్దున్నే వెళ్లి బండి కింద పడుకునేవాడు. ఏ పట్టీ ఎంత మందమో వేళ్లతో తడిమి చూసేవాడు. మొదట సాయిబుగారు లారీ పట్టీలు తెచ్చి వేశాడు. బండి ఎత్తుగా, ఠీవిగా నిలబడింది. తీరా రోడ్డు మీదికి తీసుకెళితే మేకపిల్లలా గెంతింది. లోపల నా పింగాణీ జాడీ పగిలింది.

"బరువు తక్కువ, పట్టీ బలం ఎక్కువ అయింది," అన్నాడు సాయిబుగారు గడ్డం గోక్కుంటూ. "పొరపాటు నాదే. మెత్తగా పోవాలంటే సన్నవి, పొడుగువి కావాలి."

మా ఆయన విసుక్కోలేదు. కోప్పడలేదు. "మళ్లీ చేద్దాం," అన్నాడు. మళ్లీ అంతా విప్పారు. పాత కారుకి ఉండే పొడుగాటి పట్టీలు సంపాదించారు. అవి పట్టేలా ఇరుసు మీద కొత్తగా దిమ్మెలు అతికారు, రబ్బరు బుష్షులు వేశారు. షాకుల కోసం మా ఆయన స్వయంగా విజయవాడ వెళ్లి, పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి, మంచివి ఏరుకుని, బస్సులో పక్క సీట్లో పెట్టుకుని తెచ్చాడు. చక్రాలు కూడా కొంచెం పెద్దవి వేయించాడు. అన్నం తినమని నేను వెళ్లి పిలిస్తే, "ఇదిగో, ఈ బోల్టు బిగించి వస్తున్నా" అనేవాడు. ఆ గొంతులో ఎంత సంతోషం. పెళ్లిచూపులకి వచ్చినప్పుడు కూడా ఆ గొంతు వినలేదు నేను.

పని అయ్యాక ట్రయలుకి రమ్మన్నాడు. నేను రానన్నాను.

"నువ్వు కూర్చుంటేనే తెలిసేది. ఇన్నాళ్లూ కూర్చున్నదానివి నువ్వేగా," అన్నాడు. ఎటు వెళ్తున్నామో చెప్పలేదు. బహుశా ఆలోచించలేదు కూడా. దగ్గర్లో అన్నిటికంటే పాడు రోడ్డు అదే కాబట్టి వినగడప వైపు పోనిచ్చాడు.

ఈసారి నేను బల్ల మీదే కూర్చున్నాను. ఎదురుగా గూట్లో గ్లాసు నిండా నీళ్లు పెట్టాడు, తొణుకుతాయేమో చూడమని. డొంకలో గాళ్లు వచ్చాయి. బండి కొంచెం పక్కకి ఒరిగి, మెల్లిగా లేచింది, అంతే. పళ్లు కొట్టుకోలేదు. చెయ్యి దేన్నీ పట్టుకోలేదు. వాగు ఒడ్డు వచ్చినట్టు కిటికీలోంచి చూసి తెలుసుకున్నాను. దిగేచోట నా ఒళ్లంతా దానంతట అదే బిగుసుకుపోయింది. ఏమీ కాలేదు. చిన్నప్పటి పడవలాగా దిగి, గుండ్రాళ్ల మీద ఊగుతూ, అవతలికి ఎక్కేసింది.

అంత మెత్తగా వెళ్లింది. నేను దేనికైనా ఓర్చుకునేదాన్నేమో గానీ ఆ మెత్తదనానికి ఓర్చుకోలేకపోయాను. ఇది సాధ్యమేనన్నమాట. సాయిబుగారి షెడ్డు అప్పుడూ అక్కడే ఉంది. ఆ మనిషి అప్పుడే చెప్పాడు. పది రోజుల పని.

మా ఆయన వచ్చి తలుపు తీశాడు. మొహమంతా నవ్వు. "ఎలా ఉంది? గ్లాసులో నీళ్లు చూశావా?"

"ఇది శివరాత్రి ముందు ఎందుకు చేయించలేదండీ?" అన్నాను.

నవ్వు పోయింది. "ఇప్పుడెందుకు ఆ మాట?"

"ఇప్పుడు శ్రీరామనవమి ఊళ్లు మానుకున్నారుగా. అప్పుడు శివరాత్రి ఊళ్లు ఎందుకు మానుకోలేకపోయారు?"

"అప్పుడు ఇలా అవుద్దని ఎవరికి తెలుసు? డాక్టరమ్మే చెప్పింది..."

"నడుం విరుగుతోందని నేను చెప్పాను. సాయిబుగారి ముందు చెప్పాను."

"ఆడాళ్లకి ఆ నెలల్లో నొప్పులు మామూలే అనుకున్నా. పెనుగొలనులో నన్ను అంతమంది ముందు..." అని ఆగిపోయాడు. నా మొహం చూశాక, ఆ సంగతి నాకు ముందే తెలుసని అర్థమైంది ఆయనకి.

"మీకు అంతమంది ముందు అయింది. నాకు ఎవరూ లేని చోట అయింది. అంతేగా తేడా," అన్నాను.

ఆపరేటరు తల దించుకుని జీపు టైర్లు చూస్తున్నాడు. నేను బండి దిగి, ఊరి వైపు నడిచాను. వెనక నుంచి పిలిచాడు. "ఎక్కడికే? ఎండలో ఏంటిది? రా, ఎక్కు." నేను తిరిగి చూడలేదు. వినగడపలో బస్సు కోసం ఒక ఇంటి అరుగు మీద కూర్చుంటే, ఎవరో ఏమిటో అడక్కుండా ఆ ఇంటివాళ్లు మజ్జిగ ఇచ్చారు. బస్సు వచ్చాక తిరువూరు వెళ్లిపోయాను.

మొగుణ్ణి వదిలేశానని కాదు. ఎక్కడికి పోతాను? ఆ రోజుల్లో ఎవరు పోయారు? కానీ ఆ బండి మళ్లీ ఎక్కలేదు. పిన్ని దగ్గర గదిలోనే ఉండిపోయి, ఆవిడ దగ్గర మిషను నేర్చుకుని, జీపు టాపులు కుట్టాను. మా ఆయన ఊళ్లు తిరిగి వచ్చి వారానికోసారో రెండుసార్లో గదికి వచ్చేవాడు. రమ్మని కొన్నాళ్లు బతిమాలాడు, కొన్నాళ్లు కోప్పడ్డాడు, తర్వాత అలవాటు పడ్డాడు. తర్వాత నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇద్దర్నీ నేల మీద మోసి నేల మీదే కన్నాను. ఆయన బల్బులు మళ్లీ ఎక్కువగా పోయినట్టు వినలేదు.

ఊళ్లకి కరెంటు వచ్చింది. తిరువూరులో సినిమా హాళ్ల ముందు మా గుడ్డ తెర నిలబడలేకపోయింది. ప్రొజెక్టరు ఎవరో కొనుక్కున్నారు. ఇల్లుబండిని ఒక మామిడితోట ఆసామి కాపలా మనిషి ఉండటానికి తీసుకుపోయాడు. తోటలోకి తీసుకెళ్లి చక్రాలు ఊడదీసి ఇటుకల మీద కూర్చోబెట్టారని విన్నాను. మా ఆయన అన్నం ముట్టలేదు. నేను ఆ రోజు మామూలుగానే వంట చేశాను.

చాలా ఏళ్ల తర్వాత మా అమ్మాయికి సీమంతం చేశాం. అత్తవారింటి నుంచి కారులో తీసుకొచ్చారు. భోజనాల దగ్గర వియ్యంకుడు, దారిలో గతుకులకి కోడలు ఇబ్బంది పడిందని చెప్పాడు. మా ఆయన విస్తరి ముందు కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"మా రోజుల్లో అసలు రోడ్లేవి బావగారూ? ఈవిడకి ఒకసారి కడుపు పోయింది. ఇంక నా మనసు ఊరుకోలేదు. సీజను మధ్యలో, ఒప్పుకున్న ఊళ్లన్నీ వదిలేసుకుని, బండికి కమాన్లు మార్పించా. షాకుల కోసం నేనే బెజవాడ పోయి తెచ్చా. ఆడమనిషి కూర్చునే బండి, గ్లాసులో నీళ్లు తొణక్కూడదన్నాను."

వడ్డిస్తున్నదాన్ని, పప్పు గిన్నె పట్టుకుని నిలబడిపోయాను. అందరూ నా వైపు తిరిగి ఎంత అదృష్టవంతురాలివన్నట్టు చూశారు.

"నా కోసం కాదు. బల్బు కోసం," అన్నాను.

"ఏ బల్బు?" అన్నాడు.

ఆయన మొహంలోకి చూశాను. దాచుకుంటున్న మనిషి మొహం కాదు అది. నిజంగా మర్చిపోయాడు. బస్సులో నేను తిరువూరు దాకా అనుకుంటూ వచ్చానే, ఆ కథని ఈయన ఎప్పుడో తనదిగా చేసేసుకుని, హాయిగా అందులోనే ఉంటున్నాడు. నేనేమో దాన్ని ఒక్క పూట కూడా పూర్తిగా ఉంచుకోలేకపోయాను. వియ్యంకుడు నవ్వేసి, "ఆడవాళ్లు ఎంత చేసినా ఒప్పుకోరు లెండి" అన్నాడు. మా ఆయన కూడా నవ్వాడు. పప్పు వడ్డించాను.

ఆయన పోయి చాలా కాలమైంది. పిల్లలకి రెండూ తెలుసు, నాన్న చెప్పిందీ, నేను చెప్పిందీ. మొన్నొకరోజు మా అమ్మాయి తన పిల్లలకి తాతయ్య సంగతులు చెబుతోంది. అమ్మమ్మ కోసం బండికి కమాన్లు మార్పించాడంటూ మొదలుపెట్టింది. నేను పక్కగదిలో పడుకుని వింటున్నాను. లేచి వెళ్లి సరిదిద్దుదామనుకున్నాను. పిల్లలు "నిజంగానా?" అని సంబరంగా అడుగుతున్నారు. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి, లేవలేదు.